గోడవైపు తిరిగిన సీసాలు

విశ్వేశ్వరరావు గారికి ఎవరు ఎదురుపడినా ఊరూ, ఇంటిపేరూ అడిగితేగానీ ముద్ద దిగదు. సింగపూర్ వచ్చి పాతికేళ్లయినా ఆ అలవాటు పోలేదు. ట్రైనులో పక్కన కూర్చున్న చైనా ముసలాయన మొదలుకొని, ల్యాబులో సీసా అడుగున తెల్లగా కమ్మిన బ్యాక్టీరియా దాకా అందరికీ అదే ప్రశ్న.

"మీదే ఊరండీ? ఎవరి తాలూకు?" అని సీసా మీదికి వంగి మరీ అడిగేవారు.

ఆ మాట వినబడినప్పుడల్లా పక్క బల్ల దగ్గర గోపీకృష్ణకి ఒళ్లు మండేది. వాళ్ల ల్యాబులో చెట్టు చిగుళ్లని ముక్కలు కోసి, సీసాల్లో జెల్లీలాంటి మేత మీద మొక్కలుగా పెంచుతారు. సెంబవాంగ్‌లో నూరేళ్ల తెంబుసు చెట్టొకటి గాలివానకి కూలితే, దాని చిగుళ్లు గోపీకి అప్పగించారు. ఏడాదిలోగా నలభై మొక్కలకి వేళ్లు రావాలి. రాకపోతే కాంట్రాక్టు పొడిగించరు. టాంపినీస్‌లో ఫ్లాటు ఖాళీ చేసి, భార్య నిఖిలతో సహా పెట్టేబేడా సర్దుకోవడమే.

గోపీకి శుభ్రం ప్రాణం. చేతులకి ఎంత స్పిరిట్ రాసేవాడంటే, అతనికి షేక్‌హ్యాండ్ ఇచ్చినవాళ్లకి జలుబు తగ్గిపోయేది. కానీ చెట్టు ఒంట్లోనే కాపురమున్న బ్యాక్టీరియాని పైపైన కడిగితే ఏం లాభం? నెల తిరక్కుండా మొక్క మొదట్లో తెల్లగా పైకి తేలేది. తేలిన ప్రతి సీసా చీటీ మీదా గోపీ ఎర్ర ఇంటూ కొట్టి, పారేసే ట్రేలో పెట్టేవాడు. మిగిలిన శుభ్రమైన సీసాల్లో మొక్కలు ఒక్క వేరైనా తొడగకుండా దిగాలుగా నిలబడేవి.

రావుగారి అలమరలోనేమో ఆకులు నవనవలాడుతూ ఉండేవి. వేళ్లు చుట్టలు చుట్టుకునేవి.

"ఏం మందు పెడ్తాండారు అంకుల్?"

"మందా? మేతలో పంచదార తగ్గించానోయ్. విస్తట్లో కొంచెంగా వడ్డిస్తే చుట్టాలు అతి చెయ్యరు. చెట్టుకి నాలుగు పనులు చేసిపెట్టి ఓ మూల పడుంటారు."

"బ్యాక్టీరియా చుట్టాలా?"

"నీ కడుపులో ఉన్నవాళ్లనేమంటావ్? దొంగలంటావా?"

"మరి ఆ సీసాలు గోడవైపు ఎందుకు తిప్పినారు? చీటీలు కనపడకుండా?"

"దిష్టి తగలకుండా!"

గోపీ గబుక్కున చూపు తిప్పుకున్నాడు. దిష్టి పెడుతున్నది తనే. పొద్దున వస్తూనే తన సీసాలకన్నా ముందు ఆ అలమర చూసేవాడు, ఒక్కటైనా వాడిపోయిందేమోనని ఆశ. కొత్త ఆకు కనబడిందా, ఆ పూట అన్నం సహించేది కాదు. ఏడుపంటే ఏడుపే, దాపరికం దేనికి? పంచదార మాట కూడా అతను నమ్మలేదు. పెద్దాయన అసలు కిటుకు దాస్తున్నాడనే అనుకున్నాడు.

"పొద్దస్తమానం ఆయప్ప మొక్కల మాటేనా? నన్నెప్పుడన్నా అట్ల చూసినావా?" అంది నిఖిల ఓ రాత్రి ఇంట్లో.

"నీకు వేళ్లు రావాల్సిన పనిలేదు గదా!"

"మనకు రావల్ల ఈ ఊళ్లో. అది చూడు ముందు."

గడువు నిండి, తనిఖీ రోజు డైరెక్టర్ లిమ్ గారు వచ్చారు. గోపీ సీసాలు లెక్కపెడితే వేళ్లొచ్చినవి మూడు. ఆవిడ రావుగారి అలమర దగ్గరికి నడిచి, ఒక సీసా తీసి తిప్పి చూశారు. ఇంకోటి తిప్పారు. మరోటి.

"గోపీ, ఆల్ దిస్ యువర్స్, లా! వై నెవర్ టెల్ మీ?" అన్నారు సింగపూర్ ఇంగ్లీషులో.

గోపీ వెళ్లి చూశాడు. చీటీ మీద తన చేతిరాత. తన పేరు, తను వేసిన తేదీ, తను కొట్టిన ఎర్ర ఇంటూ. అలాంటివి నలభై రెండు. ఆర్నెల్లుగా తన మొక్కల్ని చూసి తనే కుళ్లిపోయాడన్నమాట.

ఆవిడ అటు వెళ్లగానే రావుగారిని పట్టుకున్నాడు. "ట్రేలోంచి తీసినారా? నాకెందుకు చెప్పలేదంకుల్?"

"చెప్తే మళ్లీ పారేసేవాడివి. ఊరూ పేరూ కనుక్కోకుండా ఎవర్నైనా గుమ్మంలోంచి పంపేస్తావా? అడిగాను. గోపీకృష్ణ తాలూకు అన్నారు. మనవాళ్లే కదా అని పస్తు పెట్టకుండా కొత్త సీసాల్లోకి మార్చి, నీ చీటీలే ఊడదీసి అంటించాను."

గోపీ సీసాలన్నీ తీసుకుని జాగ్రత్తగా మళ్లీ గోడవైపు తిప్పసాగాడు.

"ఇంకా దేనికోయ్? దిష్టి పెట్టేవాడు మారిపోయాడుగా!" అన్నారు రావుగారు.

అంటే ఆయనకి ఆర్నెల్లుగా తెలుసు! గోపీ చెవులు ఎర్రబడ్డాయి. అలమర పై వరస వంక ఓరగా చూశాడు.

"యాడ మారినాడు అంకుల్? ఆ పైవి మీవి గదా. నావాటికన్నా బాగుండాయి."