వెతుక్కుని తినే చాప

"కుక్కకు చాపనా? అదీ ఫోన్లో తెప్పిచ్చేదా? చుట్టమొస్తే పరిచేకి మంచి చాప ఒకటి లేదు ఇంట్లో. కుక్కకంట చాప!"

"పండుకునే చాప కాదత్తా, తినే చాప. సెప్తాంటే ఇనవే."

"చాపను తింటాదా?"

"చాపను కాదు. దాంట్లో దాచిన తిండిని వెతుక్కోని తింటాది. నిదానంగా తింటాది. అప్పుడు కక్కదు."

"ఎవరు చెప్పినారు నీకు?"

"ఆదోనిలో పశువుల డాక్టరు. గబగబా మింగే కుక్కకు ముక్కుతో పని చెప్పల్లంట. పని లేకనే అది ఇంట్లో అన్నీ పీకుతాండాదంట. ఫోన్లో బొమ్మ ఉండాది, చూడు ఎంత బాగుండాదో."

"నాకు చూపియ్యాకు. గుడ్డ పీలికలు కుచ్చులు కుచ్చులుగా కట్టింటారు, అంతే కదా? నేసేవాళ్ళింట్లో ఉండి గుడ్డ పీలికలకు దుడ్డు పెట్టేదాన్ని నిన్నే చూసినా!"

"అయితే నువ్వే కట్టియ్యి!"

"కట్టిస్తా! నాకు చేతుల్లేవా?"

ఎమ్మిగనూరులో మా ఇంటి నడవలో, మగ్గం గుంత పక్కన నిలబడి నేనూ నా కోడలూ వాదులాడుకున్నది ఇట్లా. గుంతలో కూర్చున్న నా కొడుకు నేత ఆపలేదు. వాడికి మా మాటలు కూడా మగ్గం చప్పుడులో ఒక చప్పుడే. కుక్క మాత్రం మా ఇద్దరి మధ్యా కూర్చుని, ఎవరు మాట్లాడితే వాళ్ళ మొహం చూస్తూ ఉంది. తన సంగతే అని దానికి తెలిసినట్టే ఉంది.

ఆ కుక్కది ఎండిన జొన్నచొప్ప రంగు. జాతి గీతి ఏమీ లేదు. నా వియ్యంకుడు ఆదోని పత్తి యార్డులో మూటలు మోసేవాడు. అక్కడ తిరిగే కుక్కల్లో ఇదొకటి, ఆయన వెంటపడి ఇంటికొచ్చింది. ఆయన పోయాక వియ్యపురాలు పెద్దకూతురింటికి వెళ్ళిపోయింది, ఆదోని ఇంటికి తాళం పడింది. కర్మాంతరాలు అయిపోయి నా కోడలు తిరిగి వచ్చిన రోజున ఒక చేతిలో బట్టల సంచీ, ఇంకో చేతిలో ఈ కుక్క. పుట్టింటి నుంచి ఆ పిల్ల ఇంకేమీ తెచ్చుకోలేదు. అందుకే గడప దాటి లోపలికి వస్తుంటే నేను వద్దనలేదు. వద్దనకపోవడం వేరు, ముద్దు చేయడం వేరు. నేను దానికి పేరు కూడా పెట్టలేదు. కోడలు పెట్టిన పేరుకు నా నోరు తిరగదు.

యార్డులో పది కుక్కల మధ్య పెరిగినది కాబట్టి, ముందు మింగినదే తన తిండి అని నేర్చుకుంది. ఇక్కడ ఎవరూ లాక్కోకపోయినా గిన్నె పెట్టేలోపల ఖాళీ చేసేది. నమలడం ఉండదు. మింగిన కాసేపటికి, సరిగ్గా మగ్గం పక్కకే వచ్చి కక్కేది. తర్వాత పొద్దంతా పని లేక ఏదో ఒకటి లాగేది. మా గొడవకు ముందురోజు అన్నం కక్కి, అది చాలదన్నట్టు, మగ్గానికి ఎక్కించాలని చుట్టిపెట్టిన పడుగు దారాల కొస పట్టుకుని వాకిలిదాకా ఈడ్చుకుపోయింది. ఆ చిక్కు విప్పడానికి నా కొడుక్కు మధ్యాహ్నమంతా పట్టింది. వాడు కుక్కను కొట్టలేదు, పెళ్ళాన్ని తిట్టలేదు. గోనెగండ్లలో ఉన్న నా తమ్ముడికి ఫోన్ చేశాడు.

"మామా, నీ చేన్లో పందులు పడతాండాయి అంటివి కదా. కుక్క ఉండాది. ఆదివారం వచ్చి తీసుకోనిపో."

అంతే చెప్పి ఫోన్ పెట్టేశాడు. నా కొడుకు తక్కువ మాట్లాడతాడు, మాట్లాడితే మార్చడు. అది నా పెంపకమే, ఎవర్నీ అనడానికి లేదు. కోడలు ఆ రోజు అన్నం తినలేదు. మర్నాడు, గురువారం పొద్దున్నే బస్సెక్కి ఆదోనికి వెళ్ళి, వాళ్ళ నాయన ఉన్నప్పుడు ఆ కుక్కకు సూదిమందు వేసిన డాక్టరునే అడిగి వచ్చింది. వచ్చీ రాగానే చాప మాట ఎత్తింది. ఆదివారానికి ఇంక రెండే రోజులు. ఫోన్లో తెప్పించినా ఆలోపల వస్తుందో రాదో.

కట్టిస్తానని నోరు జారాను కాబట్టి శుక్రవారం పొద్దున్నే కూర్చున్నాను. అటక మీద పాత గోనెసంచి ఒకటి ఉంది. దాన్ని విప్పి చాపంత ముక్క కోశాను. దబ్బనంతో బెత్తెడు దూరానికి ఒక బొక్క పొడిచి, ఒక్కో బొక్కలో పీలిక దూర్చి కింద ముడి వేయడం మొదలుపెట్టాను. గుడ్డకు కొదవ లేదు. మగ్గం మీద తువ్వాళ్ళ నేత అయిపోయినప్పుడు చివర మిగిలే అడుగు, అడుగున్నర ముక్కలు ఏళ్ళ తరబడి దాచాను. ఎందుకు దాచావని మా ఇంట్లో ఎవరూ అడగరు, అడిగితే చివాట్లు తింటారు.

కోడలు వచ్చి ఒక పీలిక ముట్టుకుని చూసింది.

"అత్తా, ఇవి గంజి మీద ఉండాయి. ఉతికి కట్టరాదా?"

"కొత్తగుడ్డను నేసినోళ్ళింట్లో తడుపుతారా? ఎవరు నేర్పినారు నీకు?"

మా అత్త నాకు నేర్పిన మాట అది. దారానికి గంజి పెట్టి నేస్తాం, మగ్గం నుంచి కోసిన గుడ్డ అట్ట మాదిరి నిలబడుతుంది. ఆ గంజితోనే అది ఇల్లు దాటాలి. తడపడం కొన్నవాళ్ళ పని. నేసిన ఇంట్లోనే నీళ్ళు తగిలాయంటే అది అమ్ముడుపోని గుడ్డ అని లెక్క. ఇన్నేళ్ళలో నేను ఆ మాట దాటలేదు. కుక్క కోసం దాటుతానా?

మధ్యాహ్నానికి చాప తయారైంది. గడ్డి దుబ్బులు మొలిచినట్టు పీలికలన్నీ పైకి నిలబడ్డాయి. కోడలు జొన్నరొట్టెను గోరంత ముక్కలు చేసింది. నేను గుప్పెడు బొరుగులు చల్లాను. ముక్కలన్నీ పీలికల కిందికి పోయేట్టు చేత్తో కలిపి, కుక్కను వదిలాం.

మొదట అది గిన్నె కోసం చూసింది. తర్వాత చాప చుట్టూ తిరిగింది. తర్వాత ముక్కు దించింది. ఒక బొరుగు దొరికింది. ఇంకోటి. ముక్కుతో పీలికలను పక్కకు తోస్తూ, బుస్ బుస్ మని గాలి వదులుతూ అది వెతుకుతుంటే, నేను చిన్నప్పుడు గోనెగండ్లలో పరిగె ఏరిన సంగతి గుర్తొచ్చింది. శనగకాయలు పీకేసిన చేన్లో, మట్టిలో మిగిలిన కాయలు పిల్లలం వెతుక్కునేవాళ్ళం. అట్లా ఏరుకోవడానికే నేను రెండో తరగతిలో బడి మానేశాను. ఇంట్లో బస్తాడు కాయలున్నా, మట్టి తవ్వి ఏరుకున్న కాయ రుచే వేరు. ఒక్క కాయ కోసం ఎంతసేపు కళ్ళు నేలకు అతికించుకునేవాళ్ళమో! అప్పుడు మాకు ఆకలీ తెలిసేది కాదు, కొట్లాటలూ ఉండేవి కాదు. డాక్టరు చెప్పినది ఇదే కదా అనిపించింది. ఇంత చిన్న సంగతికి ఆదోనిదాకా వెళ్ళి రావాలా?

"సూసినావా," అన్నాను కోడలితో. "నీ ఫోన్లో చాప ఇంత బాగుంటాదా?"

ఆ మాట నా నోట్లో ఉండగానే కుక్క వెతకడం ఆపేసింది. ఒక పీలికను నాకింది. ఇంకోసారి నాకింది. తర్వాత దాన్ని పళ్ళతో పట్టుకుని చప్పరించడం మొదలుపెట్టింది.

"అత్తా, గుడ్డ తింటాండాది!"

గంజి అంటే ఏమిటి? అన్నం నీళ్ళే కదా. నేను ముడివేసిన ప్రతి పీలికా దానికి రొట్టెముక్క మాదిరే వాసన వచ్చింది. మేం దాన్ని లాగేలోపల నాలుగు పీలికలు ఊడబీకింది, ఒకటి మింగేసింది. నా ముడి ఊడదని చెప్పుకునేదాన్ని. అది తప్పని కూడా ఆ రోజే తేలింది. సాయంత్రానికల్లా మగ్గం పక్కకు వచ్చి, రొట్టె, బొరుగులు, జానెడు గళ్ళగుడ్డ, అన్నీ కలిపి కక్కింది.

నా కొడుకు గుంతలోంచి తల ఎత్తి చూశాడు.

"నిన్నటిదాకా అన్నమే కక్కుతాండె. ఇప్పుడు తువ్వాలు కక్కేది నేర్పిచ్చినారు."

నాకు నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. కోడలు అయితే నన్ను ఒక్క మాట అనలేదు. ఉతకమని చెప్పింది కదా, అనొచ్చు. అనుంటే నేనూ నాలుగు అనేసి తేలిగ్గా ఉండేదాన్ని. ఆ పిల్ల నేల తుడిచి, కుక్కను తీసుకుని పెరటి మెట్టు మీద కూర్చుంది. నేను చెంబు కోసం అటు వెళ్తే, కుక్కతో చెప్తూ ఉంది.

"గోనెగండ్లలో చేను పెద్దదంట. బాగా పరిగెత్తొచ్చులే."

నేను చెంబు తీసుకోకుండానే వెనక్కి వచ్చాను.

శనివారం మధ్యాహ్నం నా ట్రంకుపెట్టె తీశాను. చలికాలానికి బొంత కుట్టుకోవాలని ఏడు పాత చీరలు పోగుచేసి పెట్టాను. అన్నిట్లోకీ మెత్తనిది ఒక నూలు చీర. ఎన్ని వందల సార్లు ఉతికానో, దాంట్లో గంజి కాదు కదా, రంగు కూడా మిగల్లేదు. బొంతకు పైపొరగా వేసుకుందామనుకున్నది అదే. దాని అంచు పళ్ళతో కొరికి, సర్రున చింపాను.

ఆ చప్పుడుకు కోడలు పరుగెత్తుకొచ్చింది.

"ఏమత్తా, చీర చింపుతాండావు?"

"చినిగిపోయింది, చింపుతాండా."

"బాగనే ఉండాది కదా!"

"నీకు కళ్ళు ఎక్కువైనాయి. ఆ కొస పట్టుకో."

పట్టుకుంది. ఇద్దరం చెరో కొస పట్టుకుని నిలువునా చించుకుంటూ పోయాం. నాలుగు పీలికలు అయ్యాక నేనే అన్నాను.

"గంజి సంగతి నాకే ముందు తట్టల్ల. తట్టలేదు."

"ఏమన్నావు? ఇంగోసారి చెప్పత్తా."

"ఒగసారికి చాలు. చింపు."

ఆ పిల్ల మూడు రోజుల తర్వాత నవ్వింది.

పాత పీలికలన్నీ ఊడబీకి, అదే గోనెకు చీర పీలికలు కట్టాం. ఈసారి ఒక్కో పీలికను పక్కపక్కన రెండు బొక్కల్లో దూర్చి, అడుగున రెండు ముడులు వేశాను. లాగి చూడమంటే కోడలు కాలు తన్నిపెట్టి లాగింది, రాలేదు. మెత్తటి గుడ్డ కాబట్టి నిలబడకుండా ఒకదాని మీద ఒకటి పడ్డాయి. చూడ్డానికి అంత అందం లేదు. కానీ ముక్క దాగడానికి అదే మంచిది.

పొద్దు వాలకముందే కొడుకు దగ్గరికి వెళ్ళాను.

"రేపు మీ మామ వస్తాడు కదా. పొద్దున ఒగ పూట చూడు. కక్కితే నేనే బండెక్కిస్తా."

"కక్కకపోతే?"

"అప్పుడు నువ్వే చెప్పు."

 "ఈసారి ఏం మింగిస్తారు, చీరనా?" అన్నాడు. వాడు అంత మాట కలిపాడంటే సగం పని అయినట్టే.

ఆదివారం పొద్దున్నే తమ్ముడు మోటారుబండి మీద వచ్చాడు, చేతిలో కొత్త గొలుసు. సరిగ్గా బొరుగుల ఉగ్గాని పొయ్యి మీద ఉన్నప్పుడే వస్తాడు, అది వాడి లెక్క. కోడలు చాప పరిచి, రొట్టెముక్కలు దాచి, కుక్కను వదిలి, గోడకు ఆనుకుని నిలబడింది.  కుక్క ముక్కు దించి వెతకడం మొదలుపెట్టింది. పీలికను ఒకసారి వాసన చూసింది, నాకలేదు.

తమ్ముడు ఉగ్గాని తినేశాడు. రెండోసారి పెట్టించుకున్నాడు. మిరపకాయ బజ్జీలు నాలుగు తిన్నాడు. టీ తాగాడు. కుక్క ఇంకా తింటూనే ఉంది.

"ఏమక్కా, ఇది తింటాండాదా, జపం చేస్తాండాదా?"

"నీ మాదిరి మింగితే కక్కుతాదని, నిదానం నేర్పిచ్చినాం."

"ఇంత నిదానమైతే నా చేన్లో పందులను యాడ తరుముతాది? ఇది వాసన చూసేలోపల అవి కాయలు తిని నిద్ర కూడా పోతాయి!"

ఆఖరి ముక్క దొరికాక కుక్క చాప మొత్తం ఇంకోసారి వెతికి, ఆవలించి, చాప పక్కనే పడుకుంది. మేం నలుగురం దాన్ని చూస్తూ కూర్చున్నాం. తమ్ముడు వానల సంగతి, ఉల్లి సంగతి చెప్పాడు, ఎవరం వినలేదు. ఎండ నడవలోకి వచ్చింది. కుక్క లేవలేదు, కక్కలేదు. గుర్రు పెట్టింది.

నా కొడుకు లేచి చేతులు దులుపుకున్నాడు.

"పందులకు వేరే కుక్కను చూసుకో మామా."

అని గుంతలోకి దిగి నేత మొదలుపెట్టాడు. కోడలు వంటింట్లోకి వెళ్ళి, నా తమ్ముడికి ఇంకో గ్లాసు టీ తెచ్చింది. తమ్ముడు అదీ తాగి, తెచ్చిన గొలుసు బండి హ్యాండిలుకు చుట్టుకుని, పదిన్నరకు గోనెగండ్లకు బయల్దేరాడు.