తిన్నవా అని అడిగే ఉద్యోగం

ఇంటర్‌లో నేను ల్యాబ్ టెక్నీషియన్ ఒకేషనల్ కోర్సు చదివాను. రెండో ఏడు పొద్దున దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక రక్తపరీక్షల సెంటర్‌లో స్టైపెండ్ మీద ట్రైనింగ్, పదకొండింటి నుంచి ఎల్బీనగర్‌లో కాలేజీ. చదువూ సంపాదనా రెండూ అంటే వినడానికి భలే ఉంటుంది. నిజానికి రెండు చోట్లా నేను సగం మనిషినే. ల్యాబ్‌లో నన్ను "కాలేజీ పిల్ల" అనేవారు, కాలేజీలో "ల్యాబ్ మేడం" అనేవారు. నేను మెట్రో దిగి క్లాసుకు చేరేసరికి ఎవరి పక్కన ఎవరో తేలిపోయి ఉండేది. ఖాళీగా ఉన్న బెంచీ ఎప్పుడూ నాదే.

ల్యాబ్‌లో నా మొదటి పని రక్తం తీయడం కాదు, అడగడం. ఇన్‌ఛార్జి మేడం గుంటూరు వైపు ఆవిడ. "నమస్కారం పెట్టకపోయినా పర్లేదమ్మాయ్, తిన్నారా అని అడక్కుండా మాత్రం సూది పట్టుకోకు," అని మొదటి రోజే చెప్పింది. షుగర్ పరీక్షకు పరగడుపున రావాలి కదా. తినలేదంటే సంతోషించే ఉద్యోగం నాది. హాస్టల్‌లో టిఫిన్ ఎనిమిదింటికి గానీ పెట్టరు, నేను ఐదున్నరకే బయటపడేదాన్ని. పొద్దుటి నుంచి అంతమందిని అడిగే నన్ను ఒక్కరూ తిరిగి అడిగేవారు కాదు. ఎవరైనా అడిగితే బాగుండునని రోజూ అనుకునేదాన్ని. చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

ఒకరోజు ఒక అవ్వ ఒంటరిగా వచ్చింది. మర్నాడే కంటి ఆపరేషన్, షుగర్ రిపోర్టు లేకపోతే డాక్టరు చెయ్యనన్నారట. మాటలో మా నల్గొండ యాస వినబడగానే నాకూ నోరు మా ఊరికి తిరిగింది.

"ఏమవ్వా, తిన్నవా?"

"ఆ, తిన్న బిడ్డా," అంది నవ్వుతూ.

రేపు ఆపరేషన్ పెట్టుకుని తిని వస్తారా అని నాకు చిర్రెత్తుకొచ్చింది. "అయితే ఇయ్యాల కాదు, రేపు రా," అని చీటీ తిరిగిచ్చేసి తర్వాతి మనిషిని పిలిచాను. అవ్వ చీటీ మడిచి కొంగున కట్టుకుని వెళ్లిపోయింది.

పదింటికి కాలేజీకని దిగుతుంటే మెట్ల మీద కూర్చుని ఉంది. ఫోన్‌లో కొడుకుతో చెబుతోంది. "రేపు రమ్మంటున్నరు కొడకా. ఎందుకో చెప్పలే. ఆపరేషన్ తప్పినట్టే." ఒళ్లో టిఫిన్ డబ్బా, మూత కూడా తీయలేదు.

"అవ్వా, పొద్దుగాల ఏం తిన్నవ్?"

"ఏం తినలే బిడ్డా. రాత్రి సంది మంచినీళ్లే."

"మరి తిన్ననంటివి?"

"తిన్నవా అని నువ్వు ప్రేమతోని అడిగితివి. తినలేదంటే పరేషాన్ అయితవు గదా. ఎవలన్న అడిగితే తినలేదంటమా?"

అనం. మా అమ్మా అనదు, నేనూ అనను. రోజుకు అన్నిసార్లు ఆ మాట వాడీ వాడీ, మా ఇళ్లల్లో దాని అర్థమేంటో నేనే మరచిపోయాను. తప్పు అవ్వది కాదు, నాది. చెయ్యి పట్టుకుని పైకి తీసుకెళ్లాను. టైమ్ అయిపోయిందని మేడం కసిరింది. తప్పు నాదేనని బతిమాలితే, గొణుక్కుంటూనే రక్తం తీసి, రిపోర్టు మధ్యాహ్నానికి ఇప్పిస్తానంది. నాకు మొదటి పీరియడ్ పోయింది. పోతే పోయిందనుకున్నాను.

అవ్వ మోచేతి మడతలో దూది నొక్కుకుని, ఇంకో చేత్తో డబ్బా మూత తీసింది. జొన్నరొట్టె, టమాటా తొక్కు.

"నువ్వు తిన్నవా బిడ్డా?"

ఏడాదిగా ఎదురుచూసిన మాట.

"తిన్న అవ్వా," అన్నాను.

అవ్వ బాగున్న కంటితో నన్ను కాసేపు చూసింది.

"నా లెక్కనే తిన్నవా?" అంటూ రొట్టె సగం తుంచి నా చేతిలో పెట్టింది.