అమ్మ అల్లిన జానెడు

నాకు ఓపిక తక్కువ. ఈ సంగతి సూరత్ ఉధ్నాలో మా గల్లీ మొత్తానికి తెలుసు. చీరలకు ఫాల్, పీకో కుట్టి నాలుగు డబ్బులు సంపాదించుకునే దాన్ని కాబట్టి, "ఇప్పుడే కావాలి" అంటూ గుమ్మంలో నిలబడే వాళ్ళతో రోజూ ఒక కయ్యం తప్పదు. అలాంటి నేను రెండు కొనలకూ కొక్కెం ఉన్న కడ్డీ పట్టుకుని, గంటలకొద్దీ కూర్చుని ఊలు దుప్పటి అల్లానంటే మా ఆయన ఇప్పటికీ నవ్వుతాడు. నవ్వనీ. నేను నేర్చుకున్నది మా అమ్మ కోసం.

అమ్మ బతుకంతా దారంతోనే గడిచింది. ఊళ్ళో ఉన్నప్పుడు కండెలు చుట్టింది. సూరత్ వచ్చాక సాంచెల కార్ఖానాలో బాబిన్ మిషన్ ముందు నిలబడింది. సాంచె అంటే మా వాళ్ళ మాటల్లో మరమగ్గం. దారం వేళ్ళ మధ్య నుంచి పరుగెడుతుంటే, ఎక్కడ లావుగా తగిలినా, ఎక్కడ పీలగా తగిలినా టక్కున తుంచి ముడేసేది. ఎలా వేసిందో పక్కనున్న నాకు కూడా కనపడేది కాదు. ఆ ముడి బియ్యపు నూకంత కూడా ఉండేది కాదు. ఆమె చుట్టిన దారం ఎన్ని చీరల్లోకి పోయిందో, రింగ్ రోడ్ మార్కెట్ నుంచి ఏయే ఊళ్ళు చేరిందో ఎవరికి తెలుసు! మా ఇంట్లో మాత్రం ఇది అమ్మ చేతిది అని చూపించడానికి జేబురుమాలు కూడా లేదు. సేఠ్ మాల్ సేఠ్‌కి పోయింది, అంతే.

మోకాళ్ళు మొండికేసి పని మానేశాక ఆమె చేతులకు పిచ్చెక్కింది. మంచం మీద కూర్చుని దుప్పటి అంచుల్లో దారాలు పీకేది, వాటిని ఒకదానికొకటి ముడేసి పక్కన పోగుపెట్టేది. చూసి చూసి ఒకరోజు నేను గయ్యిమన్నాను.

"నీకు దండం పెడ్తనమ్మా! ఇంట్ల ఒక్క దుప్పటినన్న బతకనియ్యవా?"

"చేతులు ఊకుంటలేవు బిడ్డా. నన్నేం జెయ్యమంటవ్?" అంది.

ఫాల్ కుట్టించుకోవడానికి వచ్చిన ఒకామె అప్పుడే చెప్పింది, సూరత్‌లోనే వడోద్‌లో మన తెలుగు ముసలామె రెండు కొక్కేల కడ్డీతో అల్లిక నేర్పుతుందని. మర్నాడే అమ్మను ఆటో ఎక్కించాను.

ఆమెది కూడా మావైపే, మా పని వాళ్ళే. భర్త సాంచెలు బాగుచేసే మేస్త్రీగా చేసేవాడు, చనిపోయాడు. అమ్మకంటే పెద్దది కాబట్టి అమ్మ అక్కా అంది, నేను పెద్దమ్మా అన్నాను. ఎప్పుడో పక్క గదిలో అద్దెకున్న మలయాళీ నర్సు దగ్గర ఆమె ఈ అల్లిక నేర్చుకుందట. నర్సు కడ్డీని చూసి భర్త అలాంటిదే చేసిచ్చాడట, అల్యూమినియం కడ్డీకి రెండు కొనలా ఆకురాయితో అరగదీసి కొక్కేలు తేల్చి. అమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని, "మగ్గం అచ్చుల దారం గుంజే కొక్కెం లెక్కనే ఉన్నది గదక్కా" అని మురిసిపోయింది. వచ్చిన పది నిమిషాలకే ఇద్దరూ కార్ఖానాల కబుర్లలో పడి నన్ను మరిచిపోయారు.

మామూలు క్రోషాలో కొక్కెం మీద ఒక్క ఉచ్చే ఉంటుంది. ఇందులో వరస వరసంతా కడ్డీ మీదే ఎక్కి కూర్చుంటుంది. ఒక రంగు ఊలుతో ఒక్కో ఉచ్చునూ లాగి కడ్డీ నింపాలి. తర్వాత వాటన్నిటినీ రెండో కొన వైపు జరిపి, పనిని తిప్పి పట్టుకుని, రెండో రంగుతో దించుకుంటూ రావాలి. దించిన రంగుతోనే మళ్ళీ ఎక్కించాలి. మళ్ళీ జరపాలి, మళ్ళీ తిప్పాలి, ఈసారి మొదటి రంగుతో దించాలి. అలా పోగాపోగా దుప్పటికి ఒక పక్క ఒక రంగు, ఇంకో పక్క ఇంకో రంగు తేలుతుంది. రెండు పక్కలూ ముఖాలే, వెనక అనేది ఉండదు.

రంగులు అమ్మే ఏరింది. నెమలికంఠం ఒకటి, పండు మామిడి పసుపు ఒకటి.

"సూరత్‌ల చలి ఎన్ని దినాలుంటదమ్మా? ఊలు కప్పుకుంటే ఉడికిపోతం" అన్నాను.

"ఫ్యాన్ ఏసుకోని కప్పుకుంటది నా మనుమరాలు. నీకెందుకే?" అంది. దుప్పటి ఎవరికో అలా తేలిపోయింది.

పెద్దమ్మ నోట ఎక్కువగా వినపడే మాట ఒకటే, "ఇప్పు". ఉచ్చు బిగిస్తే ఇప్పు. అంచులో ఒకటి తప్పితే ఇప్పు. రంగు తిరగబడితే ఇప్పు. నా చేతులేమో ఊలును గొంతు పట్టుకున్నట్టు పట్టుకునేవి. ఉచ్చులు కడ్డీ మీద జరిగేవి కావు. ఒకరోజు కోపమొచ్చి కడ్డీని గోడకు విసిరాను. పెద్దమ్మ కూర్చున్న చోటు నుంచి కదల్లేదు.

"కడ్డీ ఇసిరితే కొక్కెం వంగుతది. ఇసరాలనిపిస్తే ఊలుండ ఇసురు. గా కోపం జర ఇంట్ల పెట్టి రా బిడ్డా."

అమ్మ పడీ పడీ నవ్వింది. "నేను పెంచినప్పుడు గిట్ల జెప్పెటోళ్ళు లేకపోయిరి అక్కా" అంది. నాకు ఒళ్ళు మండింది గాని, లేచి వెళ్ళి కడ్డీ తెచ్చుకున్నాను. విప్పీ అల్లీ, అల్లీ విప్పీ, మొత్తానికి సగం దుప్పటి నా చేతి మీద తయారైంది. అప్పుడు అమ్మ, "ఇగ నాకియ్యి" అని సంచి లాక్కుంది.

ఆ వారమంతా ఇంట్లో ఎంత ప్రశాంతంగా ఉందో! నేను మిషన్ మీద, ఆమె కిటికీ దగ్గర. మధ్యమధ్యలో టప్‌మని ఊలు తెగిన చప్పుడు వినపడేది. నేను పట్టించుకోలేదు. వారం తిరిగేసరికి ఆమె జానెడు అల్లింది. చిన్నపిల్ల పరీక్ష పేపర్ తెచ్చినట్టు ఆ సంచిని ఒళ్ళో పెట్టుకుని ఆటోలో కూర్చుంది.

పెద్దమ్మ దుప్పటిని తిప్పి చూసి ఆగిపోయింది. "చెల్లె, గీ ముడులేంది?"

"ఊలు ఏడ లావుంటే ఆడ తుంచి అతికిన. ఎనుక పక్కకే తోసిన గదక్కా."

"దీనికి ఎనుక ఏడున్నది?"

అమ్మ వేళ్ళు బాబిన్ మిషన్ దగ్గర చేసిన పనే ఇక్కడా చేశాయి. ఊలన్నాక లావూ సన్నమూ ఉంటుంది. ఆమె దాన్ని లోపమనుకుంది. లావైన చోటల్లా తుంచింది, ముడేసింది, ముడులన్నీ వెనక్కి నెట్టింది. నెమలికంఠం వైపు చూస్తే నున్నగా ఉంది. తిప్పితే పసుపు ముఖం నిండా ముడులే. ఈ పనిలో ముడి వేయకూడదట. పాత కొసా కొత్త కొసా కలిపి పట్టుకుని నాలుగు ఉచ్చులు అల్లితే వాటంతటవే ఒదుగుతాయట. ఇన్నేళ్ళు దారం చుట్టిన మనిషికి ఒక్క సేఠ్ వంక పెట్టింది లేదు. అమ్మ ముఖం చిన్నబోయింది.

"తొందరేం లేదు చెల్లె, మెల్లగ ఇప్పుదువు తియ్" అంది పెద్దమ్మ.

"నేనే ఇప్పి మల్ల చేస్తనక్కా. గట్ల ఇడిసిపెడ్తనా?"

చేయలేకపోయింది. ఆ వారంలోనే జ్వరమొచ్చింది, అది ఊపిరితిత్తులకు ఎక్కింది, ఆసుపత్రిలో చేర్చాం. నేను పొద్దునా సాయంత్రం వెళ్ళేదాన్ని. గంజి తాగావా, మాత్ర వేసుకున్నావా, ఇవే నా మాటలు. తాగకపోతే అక్కడా అరిచాను. ఆమె మనసులో ఏముందో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. పోయింది.

పెద్దమ్మ చూడటానికి వచ్చింది. నన్ను పట్టుకుని ఏడ్చింది. కిటికీ దగ్గర ఆ ఊలు సంచి కనపడుతుంటే చూడలేకపోయాను. తీసి ఆమె చేతిలో పెట్టి, "మీ తాననే ఉండనియ్యిండ్రి పెద్దమ్మా. నేను ఊరికి పోయొస్త" అన్నాను. అంతకుమించి ఒక్క మాట కూడా అనలేదు. జీవితంలో అక్కర్లేని చోట లక్ష మాటలు అన్నాను గదా, అక్కడ ఇంకొక్కటి అనకపోయానే అని ఇప్పుడు నెత్తి కొట్టుకుంటున్నాను.

కర్మకాండలు మా ఊళ్ళోనే చేశాం. వచ్చిన బంధువులంతా అమ్మ ముడి గురించే మాట్లాడారు. మీ అమ్మ లెక్క ముడి ఎవలేస్తరు, గా చెయ్యి ఏడున్నది ఇగ, అని. అప్పుడు గుర్తుకొచ్చింది నాకు. ఆమె చీరలున్నాయి, కొన్నవి. కళ్ళద్దాలున్నాయి, కొన్నవి. ఆమె చేసింది, ఆమె వేళ్ళు తిరిగింది, ఈ భూమ్మీద మాకు మిగిలింది ఆ జానెడే. ముడులతో సహా. ముడులే కదా అసలు అమ్మ!

తిరుగు రైల్లో నిశ్చయించుకున్నాను. ఆ జానెడు ముట్టుకోను. పెద్దమ్మ ఎంత గింజుకున్నా విప్పను. దాని పైనుంచి నా వరసలు ఎత్తుకుని దుప్పటి పూర్తిచేసి నా కూతురికి ఇస్తాను. చాలా రోజుల తర్వాత నాకు ఆకలేసింది. ఉధ్నా స్టేషన్లో దిగగానే నేనూ మా ఆయనా కూతురూ ముగ్గురం కచోరీలు తిన్నాం. మర్నాడు మధ్యాహ్నం వడోద్ వెళ్ళాను.

పెద్దమ్మ నన్ను చూడగానే లోపలికి వెళ్ళి, ఉతికిన తువ్వాలులో చుట్టిన మూట తెచ్చింది. విప్పితే దుప్పటి. పూర్తయిన దుప్పటి, చుట్టూ అంచు కూడా కట్టి ఉంది. పరుపు మీద పరిచి సగం దగ్గర నుంచి వేళ్ళతో తడుముకుంటూ పోయాను. నున్నగా ఉంది. తిప్పాను. పసుపు ముఖం కూడా నున్నగా ఉంది.

"ఎంత దేవులాడినా దొరకది బిడ్డా" అంది గర్వంగా. అతుకు కోసం వెతుకుతున్నాననుకుంది.

"అమ్మ అల్లింది?"

"ఇప్పిన. మొత్తం ఇప్పి సాఫ్‌గ చేసిన. గా ఊలే, పారెయ్యలే. ముడులున్న కాడ కోసేసి మల్ల అదే ఊలు వాడిన."

నోటిదాకా వచ్చింది. ఇంకెవరైనా అయితే ఆ గల్లీ అదిరిపోయేలా అరిచేదాన్ని. అప్పుడు ఆమె బొటనవేలు చూశాను. కడ్డీ ఒరుసుకుని పుండు పడితే గుడ్డ పీలిక చుట్టుకుంది. నేను ఊళ్ళో ఉన్నన్ని రోజులూ ఆమె ఈ పని మీదే కూర్చుంది.

"నాకు ఫోన్ చేసింది మీ అమ్మ, దవఖాన్ల నుంచి" అంది. "అక్కా, గా జానెడు అట్లనే ఉన్నది, పానం కొట్టుకుంటున్నది. ఇన్నేండ్లు బాబిన్లు చుట్టినదాని చెయ్యి గింతేనా అంటరు సూసినోళ్ళు. నా ఇజ్జత్ పోతది. నాతోని కాకుంటే నువ్వన్న సక్కజెయ్యి, నా బిడ్డకు చెప్పకు, కోప్పడ్తది అన్నది. మాటిచ్చిన. ఇగ ఎవ్వలూ ఏలు పెట్టి చూపియ్యలేరు."

నేను కోప్పడతానని నాకు చెప్పలేదు. గంజి గురించి నేను అరుస్తున్న ఆ మంచం మీద పడుకుని అమ్మ దిగులుపడింది ఆ ముడుల గురించి. నాకు చెప్పి ఉంటే, నీ ముడులే నాకు కావాలమ్మా, ఉండనీ, అనేదాన్ని. నిజంగా అనేదాన్నా? ఏమో. విప్పి పారేయక ఏడుపెందుకని విసుక్కునేదాన్నేమో కూడా. నన్ను నేను ఎరుగుదును. ఇక పెద్దమ్మను ఏమని అడగను? ఆమె అమ్మ మాట నిలబెట్టింది. బతికుంటే అమ్మ నా వైపు కాదు, ఆమె వైపే ఉండేది.

"మస్తుగున్నది పెద్దమ్మా" అన్నాను. ఆమె కళ్ళు తుడుచుకుంది. ఇద్దరం ఏడ్చాం. మా ఏడుపులు మాత్రం ఒకటి కాదు.

నా కూతురు కాలేజీ నుంచి వచ్చేసరికి దుప్పటి మంచం మీద ఉంది. బ్యాగు కింద పడేసి దాని మీద వాలిపోయింది. రెండు వైపులా తిప్పి చూసింది.

"మమ్మీ, అమ్మమ్మ చేసింది ఏది?"

మధ్యలో, ఆ జానెడు ఉండాల్సిన చోట చెయ్యి పెట్టాను. అది అక్కడ వంగి, దగ్గరగా చూసింది. వేలితో ఆ చివరి నుంచి ఈ చివరి దాకా నిమిరింది. దాని ముఖం వెలిగిపోయింది.

"అరే వాహ్! నీదానికంటే అమ్మమ్మదే మస్త్ సాఫ్ ఉన్నది మమ్మీ. ఒక్క గల్తీ భీ లేదు!"

"అవును బిడ్డా" అన్నాను. "మీ అమ్మమ్మ పనిల గల్తీ ఉండది."