ఆరబెట్టే గది తలుపు

మందుల ఫ్యాక్టరీలో జెలటిన్ క్యాప్సూళ్లు ఆరబెట్టే గదికి ఆయనే మేస్త్రీ. తేమగాలి తగిలితే అవి ముద్దయిపోతాయని ఆయన ప్రాణమంతా తలుపు మీదే. ఇంట్లోనూ తలుపు తెరుచుకుంటే చాలు, తింటున్నవాడల్లా లేచి, ఎంగిలి చేత్తోనే గడియ వేసి వస్తాడు. నిన్న జోరువానలో, పక్క గదిలో ఆపరేషన్ కుట్లకు పట్టుదారం చుట్టే అమ్మాయి కత్తెర కోసం వచ్చి, తలుపు ఓరగా వదిలేసి వెళ్లింది. ఆయన పరుగున వచ్చి, తలుపు రెక్క పట్టుకుని గుమ్మంలోంచే ఆ అమ్మాయిని దులిపేశాడు. "నీ పట్టుదారానికేం, తడిస్తే ఆరేసుకుంటావు! నా జెలటిన్ జిగురైపోతుంది తల్లీ! ఎన్నిసార్లు మొత్తుకోవాలి?" ఆయన ఊపిరి కోసం ఆగేదాకా చూసి ఆ అమ్మాయి, "ఇంతసేపూ తలుపు తెరిచి పట్టుకున్నది మీరే కదా బాబాయ్!" అంది. వెనక్కి తిరిగితే, ట్రేలో క్యాప్సూళ్లన్నీ ఒకదాన్నొకటి కరుచుకుని ఉన్నాయి.

"ముందే చెప్పి ఏడవొచ్చుగా!"

"మీరు చెప్పనిస్తేగా!"

ఆ పూట ఇంట్లో తలుపు గాలికి టపటపా కొట్టుకుంటున్నా ఆయన కంచం ముందునుంచి కదల్లేదు. "తలుపండీ!" అంది భార్య.

"ఉండనీ! నువ్వేమన్నా కరిగిపోతావా?"