ఫోరే భాష క్యాసెట్లు, మా మాస్టారు

నిన్న పొద్దున మాస్టారి అమ్మాయి మెసేజ్. "బాషా అంకుల్, నాన్న వెళ్ళిపోయారు."

నాలుగుసార్లు చదివాను. ఇంకా నమ్మలేకపోతున్నాను.

అమలాపురం సత్యనారాయణ మాస్టారు. ఎనభైల్లో కువైట్‌లో, హవల్లీలో నా రూమ్మేట్. మిర్కాబ్‌లో ఒక ఆఫీసులో టైపిస్టు. అక్కడే అరబిక్ అక్షరాలు కూడా నేర్చుకున్నారు.

అంతకుముందు పాపువా న్యూ గినియా కొండల్లో స్కూల్ టీచర్. అక్కడి ఫోరే అనే భాషంటే ఆయనకు పిచ్చి. ఒక ముసలావిడ చేత మాటలు పలికించి, క్యాసెట్లలో రికార్డ్ చేసి తెచ్చుకున్నారు.

"ఇది విను బాషా. అచ్చుల మధ్య 'త' వస్తే 'ర' లాగా వినపడుద్ది. ఇదిగో, ఇక్కడ గొంతు టక్కున మూసుకుంది. అదీ ఓ అక్షరమేనయ్యా!"

నేను రాయచోటి వ్యాన్ డ్రైవర్ని. నాకేం అర్థమవుతుంది?

ఒకరోజు ఆయన టేప్‌రికార్డర్ రిపేర్‌కి తీసుకెళ్తున్నాను. క్యాసెట్లు కూడా వ్యాన్‌లోనే ఉన్నాయి. పక్కన యుద్ధం నడుస్తున్న రోజులు. ఎక్కడ చూసినా చెకింగ్.

పోలీసులు ఆపి, ఒక క్యాసెట్ వ్యాన్‌ ప్లేయర్‌లోనే పెట్టి విన్నారు. ఒకే మాట మూడుసార్లు. గ్యాప్. దాదాపు అదే మాట మళ్ళీ మూడుసార్లు.

రహస్య కోడ్ అనుకున్నారు.

స్టేషన్‌లో కూర్చోబెట్టి, ఇవి ఎవరివని అడిగారు. ఇఖామా, అంటే అక్కడ ఉండనిచ్చే పర్మిట్, పోతుంది. ఇంటికి పంపేస్తారు. అసలు పంపుతారో లేదో కూడా తెలియదు.

మాస్టారి పేరు చెప్పేశాను.

గంటలో ఆయన్ని తెచ్చారు. "కంగారు పడకు," అన్నారు నాతో.

కాగితం అడిగి, టేప్ వింటూ ఆ మాటల్ని అరబిక్ అక్షరాల్లో రాశారు. గొంతు ఆగే చోటల్లా హంజా పెట్టారు. అరబిక్‌లో ఆ శబ్దానికి అదే గుర్తు. రెండు మాటలకీ తేడా అదొక్కటేనని, ఇది కోడ్ కాదు, మనుషులు మాట్లాడే భాషేనని ఇంగ్లీషులో చెప్పారు.

ఆఫీసర్ టేప్ వెనక్కి తిప్పాడు. వేలు పెట్టి చదువుతూ విన్నాడు. మళ్ళీ విన్నాడు.

"హంజా," అన్నాడు మెల్లగా.

తర్వాత, "ఖలాస్. యల్లా." అయిపోయింది, ఇక వెళ్ళండి అని.

క్యాసెట్లు మాత్రం ఇవ్వలేదు.

బయటికొచ్చాక ఏడుపు ఆగలేదు. "నేనే మీ పేరు జెప్పినా మాస్టారూ. బయమైపాయ."

"నేనైనా చెప్పేవోణ్ణేరా."

కొంత దూరం నడిచి ఆగిపోయారు. "ఆ ముసలావిడ ఇప్పుడు లేదు బాషా. ఆ గొంతు ఇక దొరకదు."

ఆ వారమంతా గుర్తున్నవి నోట్‌బుక్‌లో రాసుకున్నారు. "ఇక్కడ గొంతు ఆగిందా, లేదా?" అని నన్నడిగేవారు. తెలియదంటే అక్కడ ఖాళీ వదిలేసేవారు.

చాలా ఖాళీలు మిగిలాయి. ఒక్కనాడూ నన్ను ఒక్క మాట అనలేదు.

మాస్టారూ, వెళ్ళి రండి. ఏ భయమూ లేని చోట, ఆవిడ మాటలు మీరు మళ్ళీ వినాలి.