పదును లేని చాకు

నాన్న దిండ్లు కోయడం మొదలుపెట్టాక ఆయన చాకును మా ఆవిడ పాత ఇనుముకు వేసేసింది. ఆమెను తప్పు పట్టలేను. దిండు కుట్లు విప్పి, లోపలి దూదిని గుప్పెట్లోకి తీసి, "పత్తి చెమ్మగా ఉంది, మిల్లువాడు తీసుకోడు" అంటూ చాప మీద ఆరబెట్టేవాడు. మూడో దిండు దగ్గర అరచెయ్యి తెగింది.

చాకు పోయిన దగ్గర్నుంచి నాన్నకు అన్నం సయించలేదు. మిరపకాయల బస్తా కుట్లు విప్పాలన్నా, ఎద్దుల పలుపు తెంపాలన్నా నలభై ఏళ్ళు ఆయన మొలనే ఉన్న వస్తువు మరి. రోజంతా నడుము తడుముకోవడం, పరుపు ఎత్తి చూడడం, "ఎవరో కాజేశారు" అంటూ నావైపు చూడడం. మతిమరుపు జబ్బులో నా పేరు పోయింది, నేను కొడుకునన్న సంగతీ పోయింది. ఆ దిక్కుమాలిన చాకు మాత్రం గుర్తుంది. నాకు ఒళ్ళు మండేది. చివరకు నేనే ఒకటి చేస్తానన్నాను.

"ఇంట్లో కత్తిపీట దాచుకుని బతుకుతుంటే, మీరు కొత్త కత్తి చేస్తారా?" అంది మా ఆవిడ.

"పదును పెట్టను. చూడ్డానికే చాకు."

మెకానిక్ షెడ్డులో లారీ కమాను పట్టీ ముక్క దొరికింది. గ్రైండరు అద్దెకు తెచ్చుకుని రెండు ఆదివారాలు డాబా మీద కూర్చున్నాను. బళ్ళో లెక్కలు చెప్పే చేతులు, బొబ్బలెక్కాయి. నల్లతుమ్మ చెక్కతో పిడి వేశాను. వట్టి రేకు చేతికిస్తే నాన్న ఒప్పుకోడని, కుంపట్లో ఎర్రగా కాల్చి నూనెలో ముంచి మరీ గట్టిపరిచాను. అదే నా తెలివితక్కువతనం. మెత్తటి ఇనుమైతే పదును నిలిచేది కాదు.

ఒర కోసం అద్దంకిలో చెప్పులు కుట్టే ఆయన దగ్గర మందపాటి తోలు కొన్నాను. నీళ్ళలో నానబెట్టి, చాకు మీద బిగించి ఆరనిస్తే ఆ ఆకారం నిలిచింది. మైనం పూసిన దారంతో కుట్టాను. వంకర కుట్లే.

నాన్న మొలకు కట్టుకున్నాడు. ఆ పూట మారు వడ్డించుకున్నాడు. గెలిచాననుకున్నాను.

మర్నాడు పొద్దున పెరట్లో చప్పుడైతే వెళ్ళి చూశాను. బట్టలుతికే బండ ముందు గొంతుక్కూర్చుని, నీళ్ళు చల్లుకుంటూ నాన్న చాకు నూరుతున్నాడు. మొహం కడుక్కోవడం మరిచిపోయిన మనిషికి చాకును ఎంత వాలులో పట్టాలో గుర్తుంది. నూరాక చేతికందిన తాడు ముక్క మీద పెట్టి చూశాడు, ఒక్క గీతకే తెగింది.

మధ్యాహ్నం ఆయన కునుకు తీసినప్పుడు ఆకురాయితో దాన్ని మొద్దు చేశాను. పొద్దున మళ్ళీ నూరాడు. మధ్యాహ్నం మళ్ళీ మొద్దు చేశాను. లాక్కుంటే తిండి మానేస్తాడు, ఉంచితే చెయ్యి కోసుకుంటాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. వారం రోజులు ఇదే వరస.

ఎనిమిదో రోజు నన్ను పిలిచాడు.

"ఎవరయ్యా ఈ చాకు చేసింది?"

"నేనేనండీ." పరాయివాడిలా మాట్లాడడం అప్పటికి అలవాటు చేసుకున్నాను.

"ఇనుము మంచిదే. పిడి కూడా బాగా కుదిరింది. పదును పెట్టడమే రాలా నీకు. మీ నాన్న నేర్పలేదా?"



"నేర్పాడండీ. నేనే మర్చిపోయా."

"ఇట్టా కూర్చో" అని నా బొటనవేలిని చాకు వెన్ను మీద పెట్టి, దాని మీద తన చెయ్యి వేశాడు. "తొయ్యి. లాగేటప్పుడు పైకెత్తు." ఆయన్ను పట్టుకుని ఏడవాలనిపించింది. పరాయివాడు అలా చేస్తే భయపడతాడని ఊరుకున్నాను. చాలాసేపు నూరించాడు. చివరకు అంచును గోటి మీద ఆనించి చూసుకుని, "అదీ. ఇక మర్చిపోమాక" అన్నాడు.

మర్చిపోనన్నాను. ఆయన భోంచేసి పడుకున్నాక, ఒరలోంచి చాకు తీసి, మేమిద్దరం కలిసి పెట్టిన పదునంతా ఆకురాయితో గీకేశాను.