పప్పు ఎర్రబడిన ఆదివారం

పదహారేళ్ల వయసులో మనిషికి ఒక ధీమా ఉంటుంది, ఎంత పెద్ద చిక్కునైనా ఒక్క పూటలో సర్దేయవచ్చని. ఇప్పుడు మా పాపకు జ్వరం మందు పట్టాలంటే సీసా మీద రాసింది మూడుసార్లు చదివి, నమ్మకం కుదరక నాలుగోసారి కూడా చదివే నేను, ఆ రోజుల్లో మా అవ్వ వంటగదిని ఎవరినీ అడగకుండా గంటలో తారుమారు చేశానంటే, పాప నిద్రపోయాక కూర్చుని రాస్తున్న నాకే నమ్మబుద్ధి కావడం లేదు.

మాది ఎడపల్లి. మా వైపు అమ్మను అవ్వ అని, నాన్నను బాపు అని పిలుస్తాం. పదో తరగతి దాకా తెలుగులో చదివి, నిజామాబాద్‌లో ఇంటర్ సైన్సు గ్రూపులో చేరాను. రోజూ బస్సులో పోయి రావడం, అక్కడ అంతా ఇంగ్లీషులో వినడం. మిగతావి ఎలాగో నెట్టుకొచ్చాను కానీ కెమిస్ట్రీ దగ్గర ఆగిపోయాను. సోడియం అనే దానికి గుర్తు ఎన్.ఏ. అట, పొటాషియంకు కె అట, ఇనుముకు ఎఫ్.ఇ. అట. (రేషన్ కార్డులో ఒక పేరు, వాడలో పిలిచేది ఇంకో పేరు ఉండడం మాకు కొత్త కాదు. కానీ మా వాడలో వాళ్లందరినీ పుట్టినప్పటి నుంచి చూస్తున్నాను. ఈ వందకు పైగా మూలకాలను ఒక్కసారే పరిచయం చేశారు.) మూడు నెలల పరీక్షలో అందరికీ న్యాయంగా మొదటి అక్షరమే ఇచ్చి వచ్చాను. వచ్చిన మార్కులు రెండు చేతుల వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు, ఒకటి రెండు వేళ్లు మిగులుతాయి కూడా.

బాపు తిట్టలేదు. అందుకే భయమేసింది. పెద్దబాపుకు కబురు పెట్టాడు. పెద్దబాపు అంటే బాపుకు అన్న. రుద్రూర్ దగ్గర చెరుకు వేసి, ఆ రసం తానే కాచి బెల్లం వండేవాడు. మా రెండిళ్లలో పెళ్లి ముహూర్తం నుంచి బర్రెను అమ్మడం దాకా ఆయన మాట పడితేనే పని జరిగేది. "సమజ్ గాని సదువుకు రోజు బస్సెక్కుడెందుకు, బోధన్ల కుట్టుమిషన్ నేర్పిద్దాం. ఐతారం నాడు వచ్చి పిల్లను సూసి చెప్త" అన్నాడని బాపు చెప్పాడు. కుట్టుమిషన్ మీద నాకు కోపం లేదు. కానీ కాలేజీ వదిలేది లేదని, ఆదివారం లోపల ఆ మూలకాల పట్టిక మొత్తం మింగేస్తానని, ఆ రాత్రి అన్నం తినకుండా శపథం చేశాను. (పొద్దున్నే రెండింతలు తిన్నాను.)

మా సారు ఒక మాట చెప్పాడు. పట్టికలో ఒకే నిలువు వరుసలో ఉండేవాళ్లు చుట్టాల వంటివాళ్లు, గుణాలు కలుస్తాయని. కాగితం మీద ఎక్కనిది కళ్లెదుట ఉంటే ఎక్కుతుందనుకున్నాను. ఆదివారం పొద్దున అవ్వ పెరట్లో బట్టలు ఉతుకుతుంటే, వంటగది గోడకున్న అరల మీది డబ్బాలన్నీ దించి పట్టిక ప్రకారం మళ్లీ పేర్చాను. ఎడమ చివర సోడియం ఇల్లు: ఉప్పు, దాని పక్కనే వంట సోడా. ఆ తర్వాత కాల్షియం వాటా కింద తమలపాకుల సున్నం. మధ్యలో ఇనుప పెనం, రాగి చెంబు. కుడి పక్కన కార్బన్ అని ఒక గిన్నెలో బొగ్గులు. ఎవరితోనూ కలవని వాయువులు కుడి చివర ఉండాలి కాబట్టి అక్కడ ఒక ఖాళీ డబ్బా. అన్నింటికీ నోటుబుక్కు కాగితం మీద గుర్తులు రాసి మెతుకులతో అంటించాను.

అవ్వ తడి చేతులతో వచ్చి గడపలో ఆగింది.

"ఏంది బిడ్డా, ఇల్లు ఖాళీ చేస్తున్నమా?"

"పాఠం అవ్వా. గిట్ల సూసుకుంట నేర్చుకుంట."

"గీ ఖాళీ డబ్బ ఎందుకు పెట్టినవ్?"

"అండ్ల ఆర్గాన్ ఉంది."

అవ్వ మూత తీసి లోపలికి చూసింది. "ఏం లేదు గదనే."

"గాలి ఉంది గద, గా గాల్లనే ఉంటది. అది ఎవ్వరితోని కలువది."

"అట్లనా. మీ మేనత్త లెక్క" అని మూత పెట్టేసింది.

ఉప్పు ఎక్కడికి మారిందో చెప్పబోతున్నాను. అంతలో వాకిట్లో పెద్దబాపు మోటార్ సైకిల్ ఆగింది, చెప్పిన టైముకు రెండు గంటల ముందే. అవ్వ పరుగున పొయ్యి వెలిగించింది. మా అవ్వ చూసి వండే మనిషి కాదు. మాట్లాడుతూ చెయ్యి చాపితే చెయ్యికే తెలుస్తుంది ఏది ఎక్కడుందో. ఎన్నో ఏళ్ల నుంచి ఎడమ నుంచి రెండోది ఉప్పు డబ్బా. ఆ రోజు అక్కడ ఉన్నది వంట సోడా. ఉడుకుతున్న పప్పులో పసుపు వేసి, చేతికి అందిన ఆ తెల్లటి పొడి రెండు చెంచాలు వేసింది.

కొద్దిసేపట్లో పప్పు ఎర్రబడింది. కుంకుమ కలిపినట్టు. అవ్వ చేతిలో గంటె ఆగిపోయింది.

"పిల్ల మీద ఎవరి కండ్లో పడ్డయి. పరీచ్చ పోయింది, ఇప్పుడు పప్పు గిట్లయింది" అని నన్ను పొయ్యి ముందే నిలబెట్టి, దిష్టి తీయడానికి పళ్లెంలో నీళ్లు పోసి పసుపు వేసింది, వేలితో సున్నం కలిపింది. నీళ్లు ఎర్రబడ్డాయి. నేను పళ్లెంలోకి చూశాను, గిన్నెలోకి చూశాను. రెండూ ఒకటే ఎరుపు. పుట్టినప్పటి నుంచి నా చుట్టూ తిప్పిన నీళ్లు అవి. సున్నం క్షారం, సోడా కూడా క్షారమే. క్షారం తగిలితే పసుపు ఎర్రబడుతుందని పుస్తకంలో ఉంది, కానీ ఆ పుస్తకానికీ ఈ పళ్లేనికీ చుట్టరికం ఉందని నాకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.

ఊరుకుంటే తప్పు దిష్టి మీదికి పోయేది. చెప్తే, చదువు పెట్టిన పెంట ఇదని పెద్దబాపు లేచి పోవచ్చు. ఆయన అప్పటికే గడపలో నిలబడి చూస్తున్నాడు. నాకు సరిగ్గా తెలిసిన కెమిస్ట్రీ అంతా ఆ గిన్నెలోనే ఉంది.

"దిష్టి గాదు పెద్దబాపు. డబ్బలు నేనే మార్చిన. ఉప్పు అనుకోని అవ్వ సోడా ఏసింది. పులుపు వడితె మల్ల పసుపు రంగు వస్తది సూడు" అని నానబెట్టిన చింతపండు పిసికి పోశాను. పప్పు బుస్సున పొంగి పొయ్యి మీద, గోడ మీద, నా లంగా మీద పడింది. (అది పొంగుతుందని కూడా పుస్తకంలో ఉంది. ఆ పేజీ నేను చదవలేదు.) నురగ దిగాక, మొదటంత కాకపోయినా, పప్పు మళ్లీ పచ్చబడింది.

పెద్దబాపు గిన్నెలోకి వంగి చూశాడు.

"బెల్లం వండేటప్పుడు రసంల సున్నం ఏస్తం. ఎక్కువ పడితె బెల్లం నల్లవడతది. ఎందుకు?"

ఏదో ఒకటి కల్పిద్దామనిపించింది. పరీక్షలో చేసింది అదే కదా అని గుర్తొచ్చింది.

"తెల్వది పెద్దబాపు. కాలేజీకి పోతె తెలుస్తది."

ఆయన మీసం తుడుచుకుని పీట మీద కూర్చున్నాడు. "నల్బై ఏండ్ల సంది నాకు గుడ తెల్వది. పోయి తెలుసుకోని రా" అన్నాడు. తర్వాత ఆ పప్పుతోనే అన్నం పెట్టించుకుని, ముఖం కొంచెం కూడా మార్చకుండా తిన్నాడు. బాపు మాత్రం పెరుగుతో కానిచ్చాడు.

ఏడాది చివరి పరీక్షలో పాసయ్యాను, గొప్పగా ఏమీ కాదు. ఆయన అడిగినదానికి జవాబు డిగ్రీ రెండో ఏడు దొరికింది. క్షారం ఎక్కువైతే రసంలోని చక్కెరలు కొన్ని విరిగి ముదురు రంగు పదార్థాలవుతాయి. అదే రోజు బస్సెక్కి రుద్రూర్ పోయి చెప్పాను. అప్పటికి ఆయన బెల్లం వండడం మానేసి రెండేళ్లయింది. అంతా విని, "గంతేనా" అన్నాడు. కానీ పెద్దమ్మను పిలిచి మళ్లీ చెప్పించుకున్నాడు.

నిన్న మా నాలుగేళ్ల పాప నా వంటగదిలో డబ్బాలన్నీ కింద పెట్టి, మూతల రంగుల ప్రకారం వరుసలు కట్టింది. నోటిదాకా వచ్చిన కేకను ఆపుకున్నాను. ఆ వరుసలు అలాగే పైన పెట్టాను. సాయంత్రం పప్పులో వేసే ముందు తెల్లటి పొడి చిటికెడు తీసి నాలుక మీద వేసుకున్నాను. ఉప్పే. అయినా ఆ పదహారేళ్ల పిల్ల ఎదురుగా నిలబడి నవ్వుతున్నట్టనిపించి, ఇంకో చిటికెడు కూడా చూశాను.